ఏటి చెట్టూ కుంట చెట్టూ

రెండూ నీళ్ళలోనే నిలబడతాయి. రెండూ చలికాలం రాగానే ఆకు దులిపేసుకుంటాయి. రెండింటికీ మోకాళ్ళున్నాయి. ఫ్లోరిడా బురదలో పక్కపక్కనే పెరిగే ఈ సైప్రస్ చెట్లను పోల్చుకోవడం ఎలాగో తెలుసుకోబోయి, చైనాలో ఒక మారుమూల పల్లె దాకా వెళ్ళొచ్చిన కథ ఇది.

“బాబాయ్, ఇందాక చూసిన చెట్టే కదా ఇదీ?”

“అదేనమ్మా, సైప్రస్” అన్నాను ధీమాగా.

అక్కడే తప్పులో కాలేశాను.

టాంపాలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురి ఇంటికి ఏప్రిల్‌లో వెళ్ళాను. “బీచ్‌లు చూసింది చాలు, బురద చూపిస్తా పద బాబాయ్” అని మూడు గంటలు కారు నడిపి, నేపుల్స్ ఊరికి దగ్గర్లో ఉన్న కార్క్‌స్క్రూ స్వాంప్‌కి తీసుకెళ్ళింది. బురద మీద చెక్కబాట కట్టారు. మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు నడక. మొదట పైన్ చెట్లు, తరవాత మోకాలెత్తు గడ్డితో తడినేల, దాన్ని ఆనుకుని సన్నగా, పలచగా, బూడిదరంగు కొమ్మలతో కొన్ని చెట్లు. అవి దాటాక ఉన్నట్టుండి నీడ కమ్ముకుంది. నలుగురు చేతులు కలిపినా అందని బోదెలు, నలభై మీటర్ల దాకా ఎత్తు. తాటిచెట్టు మీద రావి మొలిచినట్టు, వాటి మీద మర్రిజాతి చెట్లు మొలిచి బోదెల్ని అల్లుకుపోయి ఉన్నాయి. ఇక్కడే మా అమ్మాయి ఆ ప్రశ్న అడిగింది.

పక్కనే వలంటీరుగా నిలబడ్డ తెల్లజుట్టు పెద్దావిడ మా మాటల్లో ‘సైప్రస్’ ఒక్కటే పట్టుకుని నవ్వింది. కాదంది. వెనక చూసింది వేరు, ఇది వేరు. ఎలా తెలుస్తుందని అడిగితే మాటలతో చెప్పలేదు. కుడిచేతి వేళ్ళు నిటారుగా పైకెత్తి మేం వచ్చిన దారివైపు చూపించింది. తరవాత అదే చెయ్యి బోర్లా చాపి, తలమీది చెట్టువైపు కళ్ళెత్తింది. అంతే. వృక్షశాస్త్రం పుస్తకంలో రెండు పేజీల వ్యవహారాన్ని ఆవిడ ఒక చేత్తో తేల్చేసింది. అందులో ఎంతవరకు నిజం, ఎక్కడ మోసం అన్నది తరవాత తెలిసింది.

వేళ్ళు పైకి, అరచెయ్యి కిందికి

ముందు పేర్లు. పెద్ద చెట్టు బాల్డ్ సైప్రస్. కోనిఫర్, అంటే శంకువులు కాసే చెట్టు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందని బళ్ళో చదువుకున్నాం. దేవదారు అలాగే ఉంటుంది, పైన్ అలాగే ఉంటుంది. ఇది మాత్రం శీతాకాలానికి ఇటుకరంగుకు తిరిగి, ఆకంతా రాల్చి, మోడై నిలబడుతుంది. అందుకే బాల్డ్ అన్నారు. మనం బోడి సైప్రస్ అందాం. రెండోది పాండ్ సైప్రస్, అంటే కుంట సైప్రస్. అదీ ఆకు రాలుస్తుంది, కాబట్టి బోడితనం ఉమ్మడి ఆస్తే. ఈ చెట్లకు పేరు పెట్టే పని మన ఊళ్ళవాళ్ళకు అప్పగించి ఉంటే ఒకదాన్ని ఏటి చెట్టు, ఇంకోదాన్ని కుంట చెట్టు అని పిలిచేసేవాళ్ళు. తగవు సగం తీరేది. ఎందుకో చెబుతా.

బోడి సైప్రస్ ఆకు ఎలా ఉంటుందో తెలియాలంటే ఫ్లోరిడా వెళ్ళక్కర్లేదు, పెరట్లో ఉసిరిచెట్టు చూస్తే చాలు. ఉసిరి రెమ్మకు రెండు పక్కలా చిన్నచిన్న ఆకులు వరసగా, ఈకలా పరుచుకుని ఉంటాయి కదా. రాలేటప్పుడు విడివిడిగా కాకుండా రెమ్మకు రెమ్మే రాలుతుంది. బోడి సైప్రస్‌దీ అదే పద్ధతి. ఒకటీ రెండు సెంటీమీటర్ల మధ్య పొడవుండే మెత్తని పల్చటి ఆకులు, రెమ్మకు ఇరుపక్కలా రెండు వరసల్లో. శాస్త్రీయనామం టాక్సోడియం డిస్టికంలో ‘డిస్టికం’ అంటే రెండు వరసలని అర్థం. రెమ్మలు అడ్డంగా, కాస్త వాలి ఉంటాయి. పెద్దావిడ చాపిన అరచెయ్యి ఇదే.

కుంట సైప్రస్ ఆకు సగం కూడా ఉండదు. మూడు మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు లోపు. గుచ్చుకునేలా కనిపించే సన్నని మొనలు రెమ్మకు అంటుకుపోయి, చుట్టూ ఒకదానిమీదొకటి పేర్చినట్టుంటాయి. దూరం నుంచి ఆకే కనపడదు, ఆకుపచ్చ పురికొస కనపడుతుంది. ఆ పురికొస ముక్కలు కొమ్మ మీద వరసగా, అగరొత్తులు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి. దీనికున్న పాతపేరు టాక్సోడియం అసెండెన్స్. పైకెక్కేది అని. నిటారుగా ఎత్తిన వేళ్ళు ఇవే.

బెరడు కూడా చూడమంటారు. బోడిదాని బెరడు పల్చగా, పీచులు పీచులుగా లేస్తుంది. కుంటదాని బెరడు మందం, గాట్లు లోతు. మోకాళ్ళు, అంటే వేళ్ళ మీంచి పైకి పొడుచుకొచ్చే మొద్దులు, చూడమంటారు. బోడిదానివి ఎత్తుగా, మొనదేలి ఉంటాయి. కుంటదానివి పొట్టిగా, గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు బాగానే ఉంటాయి. ఒక్క చెట్టే ఎదురుగా ఉన్నప్పుడు ‘మందం’ అంటే ఎంత మందం, ‘పొట్టి’ అంటే దేనికంటే పొట్టి?

ఆకు ఆడే అబద్ధం

తిరుగు నడకలో మా అమ్మాయి నాకంటే చురుగ్గా ఉంది. కుంట సైప్రస్‌ల దగ్గర ఆగి, చెక్కబాట అంచున ఉన్న ఒక పిలక మొక్కను చూపించింది. “బాబాయ్, ఇది అరచెయ్యి. కానీ నిలబడింది వేళ్ళవాళ్ళ వాడలో.”

నిజమే. ఈకలా పరుచుకున్న ఆకులు, అచ్చం ఉసిరి రెమ్మ.

ఇదీ చిక్కు. కుంట సైప్రస్ చిన్నప్పుడు బోడి సైప్రస్‌లాగే ఆకు వేస్తుంది. కొట్టేసిన మొద్దు నుంచి వచ్చే చిగుళ్ళు కూడా అలాగే ఉంటాయి, నీడలో ఉన్న కింది కొమ్మలు కూడా అంతే. పెరిగి, ఎండ తగిలాకే పురికొస వేషం కడుతుంది. ఇటువైపు బోడి సైప్రస్ తక్కువ తిన్నదేమీ కాదు. ముసలి చెట్టు తలమీద, ఎండ దంచికొట్టే చోట, దాని ఆకులు కూడా కురచబారి రెమ్మకు దగ్గరగా ఒదుగుతాయి. అంటే కిందపడ్డ ఒక రెమ్మ ఏరుకుని చూస్తే, అది ఏ చెట్టుదో చెప్పడం కంటే చెట్టులో ఏ అంతస్తుదో చెప్పడం సులువు. పైగా రెండూ కలిసి పెరిగేచోట మధ్యరకం చెట్లు దొరుకుతాయి. వేళ్ళు సగం లేచి, అరచెయ్యి సగం వాలి.

ఆకులు నమ్మించి మోసం చేయడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. చిన్నప్పుడు సూర్యలంక తీరంలో సరుగుడు తోటలు చూసి నేను పైన్ చెట్లనుకునేవాణ్ణి. సూదుల్లాంటి ఆకు, కిందంతా చిన్నచిన్న శంకువులు, గాలి వీస్తే అదే హోరు. ఇంకేం కావాలి? కానీ సరుగుడు కోనిఫరే కాదు. పూలు పూసే చెట్ల వంశం. మనం ఆకు అనుకునే ఆ పచ్చని సూది నిజానికి కొమ్మ. అసలు ఆకులు ఆ సూది కణుపుల దగ్గర, కంటికి ఆనీ ఆనని పొలుసుల్లా దాక్కుని ఉంటాయి. కోనిఫర్ కాని చెట్టు కోనిఫర్‌లా నటిస్తుంది, ఆకు రాల్చని కులంలో పుట్టిన సైప్రస్ ఆకు రాలుస్తుంది. మరి ఏం చూసి నమ్మాలి?

నీరు పల్లమెరుగు

నా మట్టుకు నాకు నమ్మకం కుదిరింది చెట్టు మీద కాదు, దాని కాళ్ళ కింది నీళ్ళ మీద.

బోడి సైప్రస్ పారే నీటి చెట్టు. ఏటి గట్లు, వరద వచ్చి ఒండ్రు వదిలిపోయే పల్లాలు, సరస్సుల అంచులు దీని చోటు. మిసిసిపీ వెంబడి పైకి ఇలినాయ్ దక్షిణభాగం దాకా, అటు డెలావేర్ నుంచి ఇటు టెక్సాస్ దాకా పరుచుకుంది. లూయిజియానా దీన్ని 1963లో రాష్ట్ర వృక్షం చేసుకుంది. ఏటా కొత్త మట్టి తినే చెట్టు గనక ఒళ్ళు చేస్తుంది.

కుంట సైప్రస్ నిలవ నీటి చెట్టు. తీరమైదానంలో ఏటి పారుదల అందని గుంటలు, ఆకు కుళ్ళి టీ డికాక్షన్‌లా నల్లబడ్డ పులుపు నీళ్ళు, సారంలేని ఇసుక నేలలు దీనివి. జార్జియాలోని ఓకెఫెనోకీ చిత్తడిలో రాజ్యం దీనిదే. దీని సంసారం చూడాలంటే ఫ్లోరిడాలో ‘సైప్రస్ డోమ్’ అనే దాన్ని దూరం నుంచి చూడాలి. చదును నేలమీద బోర్లించిన బానలా ఒక పచ్చని గుబురు. కొండ ఉందేమో అనుకుంటాం. తీరా అక్కడ ఉన్నది గుంట. మధ్యలో లోతెక్కువ, కుళ్ళిన ఆకుమట్టి మందంగా పేరుకుని ఉంటుంది, నీళ్ళు ఎక్కువ నెలలుంటాయి, అక్కడి చెట్లు పొడుగవుతాయి. అంచుకు వచ్చేకొద్దీ మట్టి పల్చన, నీళ్ళు తొందరగా ఇంకుతాయి, ఎండాకాలం గడ్డికి అంటుకున్న మంట అంచుల్ని నాకుతుంది. అందుకే అంచు చెట్లు గిడసబారి ఉంటాయి. నేల లోతుగా ఉన్నచోట చెట్టు ఎత్తుగా ఉండబట్టి, గొయ్యి గుట్టలా కనిపిస్తుంది. ఇంత చక్కని తలకిందుల నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ మందం బెరడుకు కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. మంట వచ్చిపోయే చోట బతకాలంటే మందపు కోటు కావాలి. ఏటి నీళ్ళలో నిలబడ్డ బోడి సైప్రస్‌కు ఆ అవసరం తక్కువ. చెట్టును గుర్తుపట్టడానికి వాడే గుర్తులు చెట్టుకు పెట్టిన నగలు కావు. అక్కడ బతికిన బతుకు మిగిల్చిన ఆనవాళ్ళు.

దక్షిణ ఫ్లోరిడాలో బిగ్ సైప్రస్ అనే రక్షిత ప్రాంతం ఉంది. 1974లో ఏర్పాటైంది. పేరు విని పెద్దపెద్ద చెట్లు ఊహించుకుని వెళ్ళేవాళ్ళు గతుక్కుమంటారు. అక్కడ ‘పెద్ద’ అన్నది చిత్తడి విస్తీర్ణానికి. సున్నపురాయి మీద బెత్తెడు మట్టిలో పెరిగిన కుంట సైప్రస్‌లు అక్కడ ఎకరాలకు ఎకరాలు కనిపిస్తాయి. వందేళ్ళు పైబడిన వయసున్నా ఇంటి కప్పు ఎత్తు దాటవు. కొమ్మలు అక్కడొకటి ఇక్కడొకటి పొడుచుకొచ్చిన ఆకారం చూసి వాటికి టోపీలు తగిలించుకునే కొయ్య అని పేరు పెట్టారు. మన చిలక్కొయ్యే.

బాల్డ్ సైప్రస్ మహావృక్షాలు మిగిలింది చాలా తక్కువ. చావులేని కలపగా దానికి పేరు. నీళ్ళలో నానినా చివకని చేవ. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళ దాకా దక్షిణాదిలో ఆ అడవులన్నిటినీ ఊడ్చేశారు. అప్పట్లో ఏళ్ళలో తేలవేసి తీసుకెళ్తుంటే మునిగిపోయిన దుంగల్ని ఇప్పటికీ బయటికి లాగి, కోసి, మంచి ధరకు అమ్ముకుంటున్నారు. నూరేళ్ళు నీటి అడుగున ఉండి కూడా బల్లకు పనికొచ్చే కర్ర. కార్క్‌స్క్రూలో మేం చూసిన ముసలి చెట్లు నిలబడి ఉన్నాయంటే, 1954లో ఆడుబాన్ సొసైటీ పూనుకుని కలప కంపెనీల చేతుల్లోంచి ఆ నేలను దక్కించుకోబట్టే. గొడ్డలి పడని బోడి సైప్రస్ అడవుల్లో ఉత్తర అమెరికాలో మిగిలినవాటిలోకెల్లా పెద్దది అదే.

ఒకటా, రెండా?

లిన్నేయస్ 1753లో బోడి సైప్రస్‌కు పేరు పెట్టాడు. 1818లో థామస్ నట్టాల్ కుంట చెట్టును చూసి, ఇది దానిలోనే ఇంకో రకం అన్నాడు. 1833లో ఫ్రెంచివాడు బ్రోన్యార్ ఇది వేరే జాతి అన్నాడు. అప్పట్నుంచి రెండు పార్టీలు. ‘ఉత్తర అమెరికా వృక్షజాలం’ అనే పెద్ద గ్రంథం ఒకే జాతిలో రెండు రకాలుగా లెక్కగట్టింది. నర్సరీవాళ్ళు, చిత్తడినేలల్లో తిరిగేవాళ్ళు చాలామంది రెండు జాతులుగానే మాట్లాడతారు.

నా తీర్పు అడిగితే నట్టాల్ వైపే. ఒకరితో ఒకరు కలిసి పిల్లల్ని కనగలిగి, మధ్యరకాలు పుట్టి, చిన్నతనంలో ఒకే ముఖం వేసుకుని తిరిగేవాళ్ళను రెండు వంశాలనడం అతిశయం. వేరు కాపురం పెట్టుకున్న అన్నదమ్ములు. అన్న ఏటి ఒడ్డున మాగాణి చేసుకుంటున్నాడు, తమ్ముడు మెట్టన కుంట కింద సర్దుకుంటున్నాడు. ముఖాల్లో తేడా వచ్చింది తిండి దగ్గర.

ఈ ఇంట్లో మూడోవాడు మెక్సికోలో ఉన్నాడు. మోంటెజూమా సైప్రస్. అక్కడి నావాటల్ భాషలో ఆహువేవేతే, ‘నీళ్ళ తాత’ అని చెప్పుకోవచ్చు. మెక్సికో జాతీయ వృక్షం. ఆకు పూర్తిగా రాల్చకుండా చాలావరకు నిలుపుకుంటుంది, మోకాళ్ళు లేపడం అరుదు. ఓహాకా రాష్ట్రంలో సాంతా మరియా దెల్ తూలే ఊరి చర్చి పక్కన ఉన్న చెట్టు చుట్టుకొలత 42 మీటర్ల దాకా ఉంటుంది. ప్రపంచంలో ఇంత లావు బోదె మరో చెట్టుకు లేదని చెబుతారు. మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దించి ఎకరాలకు ఎకరాలు కప్పింది. తూలే చెట్టు ఊడలు లేకుండా ఒక్క బోదెతోనే అంత లావెక్కింది. అంత లావు ఒక్క చెట్టుకు సాధ్యం కాదు, నాలుగైదు కలిసిపోయి ఉంటాయని చాలాకాలం అనుమానించారు. డీఎన్ఏ పరీక్ష చేస్తే ఒక్కటే అని తేలింది.

మోకాళ్ళ గొడవ

కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద నడిచినవాళ్ళకు సైప్రస్ మోకాళ్ళు చూడగానే ఒక మాట తడుతుంది. నాకూ తట్టింది. కాకినాడ దగ్గర బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచే మడ వేళ్ళు ఇలాంటివే కదా! నల్లమడ, తెల్లమడ అని మన తీరంవాళ్ళు వేరుచేసి చెప్పుకునే ఆ చెట్లు బురదలో గాలి ఆడక, వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటాయి. శ్వాసవేర్లని పాఠంలో చదివాం. కాబట్టి సైప్రస్ మోకాళ్ళు కూడా ముక్కులే అయివుండాలి.

అంత తేలిగ్గా తేలలేదు. మోకాలు లోపలంతా గట్టి కర్రే. మడ వేరులో ఉండే గాలి గదుల్లాంటివి ఇందులో కనపడవు. 1952లో కొలిచి చూసినవాళ్ళు ఇవి వేళ్ళకు గాలి అందిస్తున్నాయనడానికి ఆధారం లేదన్నారు. బురదలో చెట్టు ఒరిగిపోకుండా పట్టుకోవడానికని కొందరు, పిండిపదార్థం దాచుకోవడానికని కొందరు అన్నారు. 2015లో వచ్చిన మరో పరిశోధన, నీళ్ళపైకి లేచిన మోకాళ్ళ వల్ల వేళ్ళకు ఆక్సిజన్ అందుతున్నట్టు కొలిచి చూపించింది. ముక్కులన్న పాత ఊహకు మళ్ళీ ప్రాణం వచ్చింది. పోలిక చూసి పని ఒకటే అనేయకూడదన్న పాఠం మాత్రం నాకు దక్కింది. తేమలేని నేలలో నాటితే ఈ చెట్టు చాలాసార్లు మోకాలే లేపదు. రోడ్డు పక్క నాటిన బోడి సైప్రస్‌లో మోకాళ్ళు వెతికి, లేవు గనక సైప్రస్ కాదంటే పప్పులో కాలేసినట్టే.

జపాన్ బంకమట్టిలో, చైనా పల్లె గట్టున

అన్నదమ్ముల తేడా నీళ్ళు చెప్పాయి. దాయాదుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క గుర్తు చరిత్ర మార్చింది. ఈ కథ కోసమే ఈ వ్యాసం రాయాలనిపించింది.

జపాన్ శాస్త్రవేత్త షిగేరు మికి బంకమట్టి పొరల్లో దొరికే మొక్కల శిలాజాలు పరిశీలించేవాడు. ఈకలాంటి రెమ్మలు, చిన్నచిన్న శంకువులు. అలాంటివాటిని అంతకుముందు చూసినవాళ్ళు కొందరు ఇది రెడ్‌వుడ్ చెట్ల ప్రజాతి సెకోయా అన్నారు, కొందరు టాక్సోడియం, అంటే మన బోడి సైప్రస్ అన్నారు. మికి ఆగి, ఆకులు రెమ్మను పట్టుకున్న తీరు చూశాడు. బోడి సైప్రస్‌లో ఆకులు ఎడాపెడాగా ఉంటాయి. ఈ పక్క ఒకటి, కాస్త పైన ఆ పక్క ఒకటి. తెలుగు వృక్షశాస్త్ర పాఠంలో ఏకాంతరం అంటాం. శిలాజంలో ఆకులు జతలు జతలుగా, సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. అభిముఖం. శంకువు పొలుసులు కూడా ఎదురెదురే. శంకువుకు పొడుగాటి కాడ ఉంది. ఇది సెకోయా కాదు, టాక్సోడియమూ కాదన్నాడు. 1941లో మెటాసెకోయా అని కొత్త ప్రజాతిగా ప్రకటించాడు. ఎప్పుడో అంతరించిపోయిన చెట్టు అనుకున్నాడు. అందరూ అదే అనుకున్నారు.

అదే ఏడాది చైనాలో. జపాన్ దండయాత్ర నుంచి తప్పించుకుంటూ విశ్వవిద్యాలయాలు పడమటి కొండల్లోకి తరలిపోయిన రోజులు. గాన్ దువో అనే అటవీశాస్త్ర అధ్యాపకుడు నేటి హుబే ప్రావిన్స్‌లోని మోదావో పల్లె మీదుగా వెళ్తూ ఒక వింత చెట్టు చూశాడు. చలికాలం కావడంతో ఒక్క ఆకు లేదు. ఊరివాళ్ళు దాని కింద చిన్న గుడి కట్టుకున్నారు. షుయ్‌షా అంటారన్నారు, నీటి ఫర్ చెట్టని. 1943లో వాంగ్ జాన్ అనే అటవీ అధికారి అక్కడికి వెళ్ళి రెమ్మలు, శంకువులు సేకరించాడు. పరిశీలించి, చీటీ మీద పేరు రాశాడు. గ్లిప్టోస్ట్రోబస్ అని.

గ్లిప్టోస్ట్రోబస్ అంటే చైనా చిత్తడి సైప్రస్. ఇదే కుటుంబంలో మరో నీటి చెట్టు. దక్షిణ చైనాలోనూ, వియత్నాం, లావోస్‌లలో మిగిలిన కొద్దిపాటి చోట్లా నీళ్ళ అంచున పెరుగుతుంది. ఇప్పుడు తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉంది. దూరం నుంచి చూస్తే తప్పు పట్టడానికి లేదు. ఆకు రాల్చే కోనిఫర్, నీటి దగ్గర, చైనాలో. అంతకుమించి ఎవరు ఊహిస్తారు? శంకువు మాత్రం వేరు. గ్లిప్టోస్ట్రోబస్‌ది బేరిపండు ఆకారం, కొస వెడల్పు. బోడి సైప్రస్‌ది గుండ్రటి గోళం, గోలీకాయ కన్నా పెద్దది, నిమ్మకాయ కన్నా చిన్నది, పండితే ముక్కలై రాలిపోతుంది. వాంగ్ తెచ్చినది ఈ రెండూ కాదు.

ఆ నమూనాలు తరవాత జెంగ్ వాన్‌జున్ చేతికి వెళ్ళాయి. ఆయనకు అనుమానం వచ్చింది. ఆకులు ఎదురెదురు, పొలుసులు ఎదురెదురు. బీజింగ్‌లో ఉన్న హు షియాన్‌సుకు పంపించాడు. 1946లో హు, మికి రాసిన వ్యాసంతో పోల్చి చూశాడు. ఇది ఆ శిలాజమే, కానీ పచ్చగా బతికి ఉంది. 1948లో హు, జెంగ్ కలిసి మెటాసెకోయా గ్లిప్టోస్ట్రోబాయిడెస్ అని పేరు ప్రకటించారు. అంటే ‘గ్లిప్టోస్ట్రోబస్‌లా కనిపించే మెటాసెకోయా’. తొలుత పడ్డ పొరపాటును పేరులోనే దాచిపెట్టారు. జపాన్ మనిషి మట్టిలో కనిపెట్టిన చెట్టును, జపాన్ సేనల భయంతో కొండలెక్కిన చైనావాళ్ళు ఒక గుడి పక్కన కనుక్కున్నారు. రెండు దేశాలూ యుద్ధంలో ఉండగా.

హార్వర్డ్‌కు చెందిన ఆర్నాల్డ్ ఆర్బొరీటం అనే చెట్ల తోట నుంచి ఎల్మర్ మెరిల్ విత్తనాలు ఏరించడానికి 250 డాలర్లు పంపాడు. 1948 జనవరిలో విత్తనాలు బోస్టన్ చేరాయి. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పంచారు. ఇవాళ అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో పార్కులూ కాలేజీ ఆవరణల్లో నిటారుగా నిలబడ్డ ఆ చెట్లలో చాలావాటికి మూలం ఆ సంచుల్లోని గింజలే. ఎదురెదురు ఆకులను ఒకతను పట్టించుకోబట్టి.

వలయాల్లో దాగిన కరువు

ఏదైతేనేం, చెట్టే కదా, పేరుతో పనేమిటి అనేవాళ్ళుంటారు. మా అమ్మాయే అంది. నేను నార్త్ కరోలినా బ్లాక్ రివర్ గురించి చెప్పాను.

ఆ ఏట్లో బోడి సైప్రస్‌లను ఆర్కన్సా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్టాలీ దశాబ్దాలుగా చదువుతున్నాడు. చెట్టును కొట్టడు. బోలుగా ఉండే సన్నటి తొలిచే పనిముట్టుతో పెన్సిల్ కన్నా సన్నని కర్రపుల్ల బయటికి లాగి వలయాలు లెక్కపెడతాడు. ఒక చెట్టు వయసు 2018 నాటికి కనీసం 2,624 ఏళ్ళని తేలింది. 2019లో ప్రకటించారు. చరిత్రకారులు చెప్పే బుద్ధుడి కాలం కన్నా ముందు మొలిచి, ఇంకా ఆకు రాలుస్తూ చిగురిస్తోంది. తూర్పు అమెరికాలో వయసు తెలిసిన చెట్లలో అదే ముసలిది.

నీళ్ళలో నిలబడ్డ చెట్టు కరువును ఎలా రాసుకుంటుందనే అనుమానం రావచ్చు. ఏరు తగ్గిన ఏడాది వలయం సన్నబడుతుంది. వర్జీనియా బోడి సైప్రస్‌ల వలయాలతో స్టాలీ బృందం 1998లో చెప్పిన సంగతి చరిత్ర పుస్తకాలను కదిలించింది. అమెరికాలో ఇంగ్లీషువాళ్ళ తొలి వలసల్లో ఒకటైన రోనోక్, 1587లో దిగి, మూడేళ్ళకు వచ్చి చూసేసరికి ఒక్క మనిషీ లేకుండా మాయమైంది. ఆ 1587–89 మూడేళ్ళూ ఎనిమిది వందల ఏళ్ళలో అంతకంటే ఘోరమైన కరువు లేని మూడేళ్ళు. జేమ్స్‌టౌన్ వలసవాళ్ళు ఆకలికి మాడిన కాలమూ 1606–12 మధ్య ఏడేళ్ళ కరువులోనే పడింది. సోమరులు, చేతకానివాళ్ళు అని నాలుగొందల ఏళ్ళు తిట్లు తిన్నవాళ్ళ తరపున ఒక చెట్టు సాక్ష్యం చెప్పింది. సాక్షి ఎవరో సరిగ్గా తెలియకపోతే సాక్ష్యం చెల్లదు. ఏటి చెట్టు వలయం ఏటి మాట చెబుతుంది. కుంట చెట్టు బతుకు దాని కుంటలో నీళ్ళతో, దాని అంచున మంటతో ముడిపడింది. దాని పేజీ వేరుగా చదవాలి.

లూయిజియానా తీరంలో ఇంకో అవసరం ఉంది. సముద్రపు ఉప్పునీరు లోపలికి తోసుకొచ్చి బోడి సైప్రస్ అడవులు నిలువునా ఎండిపోతున్నాయి. కాస్త ఉప్పును ఓర్చుకునే చెట్ల విత్తనాన్ని తీరం దగ్గరి గుంపుల్లోంచి వెతికి నాటే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అక్కడ ‘సైప్రస్ విత్తనం’ అన్న మాట చాలదు. ఏ సైప్రస్, ఏ నీటి పక్కది అన్నది కావాలి. పైగా దీని విత్తనం నీళ్ళ అడుగున మొలవదు. నీళ్ళు తీసి తడి బురద బయటపడాలి, మొలిచిన మొక్క తల మళ్ళీ వరద వచ్చేలోగా నీటిమట్టం దాటాలి. నీటిలోనే బతికే చెట్టు పుట్టడానికి మాత్రం నీళ్ళు పక్కకు తప్పుకోవాలి.

డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్ళకు బోడి సైప్రస్ కొత్త కాదు. కాలనీ రోడ్ల పక్కన, ఆఫీసు పార్కింగుల్లో నాటుతూనే ఉంటారు, మీ కారు రోజూ దాని నీడలోనే ఆగుతూ ఉండవచ్చు. డాలస్ నుంచి మూడు గంటలు వెళ్తే కాడో సరస్సులో నాచు వేలాడేసుకుని నీళ్ళలోనే నిలబడ్డవీ చూడొచ్చు. ఇంకాస్త ఉత్తరాన ఉంటే, మీ ఆఫీసు ముందున్నది మెటాసెకోయా కావచ్చు. ఒక్క రెమ్మ కిందికి వంచి చూడండి. ఎదురెదురా, ఎడాపెడానా అన్నది పది క్షణాల్లో తెలిసిపోతుంది.

తెలుగునాట ఉన్నవాళ్ళు అంతదూరం వెళ్ళక్కర్లేదు. ఈ ఆదివారం సూర్యలంక వెళ్తుంటే సరుగుడు తోటలో ఆగి, కిందపడ్డ ఒక పచ్చని సూది తీసుకుని కణుపు దగ్గర లాగండి. చిన్న చప్పుడుతో ఊడి వస్తుంది. ఊడిన చోట వెలుతురుకు పెట్టి చూస్తే చుట్టూ పళ్ళ వరస కనిపిస్తుంది. అవే సరుగుడు ఆకులు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. పక్కన పిల్లలుంటే లెక్క వాళ్ళ చేత పెట్టించండి, వాళ్ళ కళ్ళు మనకంటే మేలు.